బిరుదుకూ పింఛనుకూ నడుమ

సంగీత నాటక అకాడమీ 1953లో, సాహిత్య, లలితకళా అకాడమీలు ఆ మరుసటి ఏడాది కొలువుదీరాయి. ఏడు దశాబ్దాలు గడిచినా దేశానికి సమగ్ర సాంస్కృతిక విధానమంటూ ఒకటి ఏర్పడలేదు. అకాడమీల పనితీరును తరచిచూసిన హక్సర్ కమిటీ 1990లో నివేదిక ఇచ్చింది; ఆ తరవాత విధాన రూపకల్పనకు సాగిన కసరత్తు చర్చాపత్రం దాటి ముందుకు వెళ్లలేదు. ఉన్నవల్లా విడివిడి పథకాలు. కళాకారులు వాటి కంటికి ఆనేది రెండే సందర్భాల్లో: శాలువా కప్పించుకునేటప్పుడు, లేదా అరవై ఏళ్లు నిండాక పేదరికాన్ని రుజువు చేసే కాగితాలతో అర్జీ పెట్టుకునేటప్పుడు. నడుమ దశాబ్దాల తరబడి చేసిన పని ఎవరి లెక్కలోకీ రాదు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య రెండేళ్లకే కూలిపనిలో కనిపించడం బాధ కలిగించిందే తప్ప, ఈ వ్యవస్థ తెలిసినవారిని ఆశ్చర్యపరచలేదు.

ధర్మవరం సమీపంలోని తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటనే చూద్దాం. మేకతోలును నానబెట్టి, గీకి, పారదర్శకంగా ఆరబెట్టి, ఉలితో రంధ్రాలు పొడిచి, రెండు వైపులా రంగులద్దే ఆ చేతులే ఒకప్పుడు తెర వెనక రాత్రంతా రామాయణం ఆడించేవి. ఆటకు పిలుపులు తగ్గాక అవే చేతులు దీపపు తొడుగులు చేసి బతుకుతున్నాయి. తోలుబొమ్మకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బొమ్మ చేస్తే ఆ మనిషి జౌళి శాఖ పరిధిలోని హస్తకళాకారుడు. దాన్నే ఆడిస్తే సాంస్కృతిక శాఖ వ్యవహారం. ఏ శాఖకూ మనిషి పూర్తిగా కనిపించడు.

జర్మనీ 1983 నుంచి కళాకారులకు వైద్యం, పింఛను కల్పించే సామాజిక బీమా నడుపుతోంది. చందాలో సగం కళాకారులది. మిగతా సగాన్ని ప్రభుత్వం, వారి కళను వాడుకునే సంస్థలు పంచుకుంటాయి. ఇది మనకు గొంతెమ్మ కోరికేమీ కాదు. యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల సంక్షేమానికి ఆయా సంస్థలు వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం చెల్లించాలని 2020 నాటి సామాజిక భద్రత కోడ్ చెబుతోంది. భోజనం మోసుకొచ్చే యువకుడికి వర్తించిన న్యాయం టీవీ ఛానళ్లు, ఓటీటీలు, ఈవెంట్ నిర్వాహకుల వద్ద పనిచేసే డప్పు వాద్యకారుడికి, హార్మోనిస్టుకు వర్తించకూడదా? నిజమైన కళాకారులను గుర్తించడమెలాగన్న అభ్యంతరం పాతదే. డప్పు కళాకారులకు నెలకు రూ.4,000 పింఛను ఇస్తున్న ఆంధ్రప్రదేశ్ వారిని గుర్తించగలిగింది కదా!

కొలువులిచ్చి ఆదుకోవడం మరో దారి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు జీతం చూపింది. ఆ మేరకు మేలే. కానీ సర్కారు పథకాలను పాడటమే ఉద్యోగమైనప్పుడు, సర్కారును నిలదీసే పాట ఆ గొంతు నుంచి రావడం కష్టం. ఉద్యమాన్ని పాటతో నడిపిన గడ్డకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. బీమా అయితే చట్టం ఇచ్చిన హక్కు. ఏలినవారి దయతో దానికి పనిలేదు.

కోడ్ పరిధిలోకి కళారంగాన్ని తేవడానికి కేంద్రం కాలం తీసుకుంటుందనుకున్నా, ప్రభుత్వాలు తమ ఇంటిని ఇప్పుడే చక్కదిద్దుకోవచ్చు. అధికారిక ఉత్సవాల్లో ఆడిన బృందాలకు పారితోషికం నెల రోజుల్లోగా చెల్లించాలి. ఆ సొమ్ము బృంద నాయకుడి ఖాతాలో కాక, తాళం వేసినవారితో సహా ప్రతి ఒక్కరి ఖాతాలో విడిగా జమ కావాలి.