వెనక్కి తిరిగిన శిలాఫలకం గారికి

గౌరవనీయులైన శిలాఫలకం గారికి,

మా కాలనీ మురుగు నాలా పక్కన, కరెంటు స్తంభం నీడలో కొలువుదీరిన తమకు కాలనీ సంఘం కార్యదర్శి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. వాన పడనంతవరకూ.

మొన్న ఆదివారం మీ ముందు రెండోసారి కొబ్బరికాయ కొట్టారు. మధ్యాహ్నం రెండు గంటలకన్నారు. షామియానా కింద నూట యాభై కుర్చీలు వేయించాను, నా జేబులోంచి ఆరువందలు పెట్టి గజమాల తెప్పించాను. మూడింటికి మిర్చీలు చల్లారాయి, నాలుగింటికి పిల్లల చేతుల్లో పూలు వాడాయి. 'అన్న బయల్దేరిండు' అని గంటకోసారి ఫోను. అయిదూ ఇరవైకి నాయకుడొచ్చారు. తాడు లాగారు, రిబ్బను కట్టిన గడ్డపారతో మూడు పోట్లు పొడిచారు, నాలుగు నిమిషాలు మాట్లాడారు. నాలా మీద స్లాబు, రెండు పక్కలా గోడ, ఆరు నెలల్లో పూర్తి. 2018 ఆగస్టులోనూ ఆరు నెలలే అన్నారు. మాట మీద నిలబడే మనిషి, గడువు ఒక్కరోజు కూడా మార్చలేదు!

అందరూ వెళ్ళాక మీ మీది తెర మడత పెడుతుంటే నా వేళ్ళకి వెనకవైపు ఏదో గరుకుగా తగిలింది. ఫోను టార్చి వేసి చూశాను. అక్షరాలు. సిమెంటు పూసినా సున్నాలు, కొమ్ములు తెలుస్తూనే ఉన్నాయి. 'శంకుస్థాపన'. దాని కింద 'అంచనా వ్యయం రూ. 86 లక్షలు'. ఇంకా కింద 'వారి కరకమలములచే'.

అంటే మీరు కొత్త రాయి కాదు. మా పాత రాయే. తిప్పి పాతారు.

మేస్త్రీని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. "కొత్త రాయంటే పైసలెక్కువైతయి సారూ. ఎనక నున్నగనే ఉండె, తిప్పి చెక్కిన." మొత్తం కార్యక్రమంలో అబద్ధం ఆడనివాడు ఆయనొక్కడే. బిల్లు ఏ రాయికి పడిందని మాత్రం నేను అడగలేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర కావాలి.

స్వామీ, ముందువైపు అంచనా రెండు కోట్ల పది లక్షలు, వెనకవైపు 86 లక్షలు. ఈ రెంటికీ మధ్య ఒక తట్టెడు కంకర కూడా పడలేదు. పేర్లన్నీ మారాయి, ఒక్కటి తప్ప. కరకమలములు మాత్రం రెండువైపులా అవే. అప్పుడు ఒక రంగు కండువా, ఇప్పుడు ఇంకో రంగు. మొన్న మైకులో ఏమన్నారో తెలుసా? "గత పాలకులు ఈ నాలాని గాలికొదిలేశారు." ఆ గత పాలకుడి పేరు మీ వీపు మీద ఉంది! పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లోనే వచ్చిందట. అది మనుషులకి, రాళ్ళకి వర్తించదు కాబోలు.

చట్టాల సంగతి ఎందుకులెండి. మేనిఫెస్టోలో ఇచ్చిన హామీ ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య కిందికి రాదని 2013లో సుప్రీంకోర్టే చెప్పింది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. మా ఒక్క కాలనీలో పంచిన బిర్యానీ లెక్కేసినా నాకు కళ్ళు తిరుగుతాయి, లెక్కల పుస్తకంలో మాత్రం అన్నీ పరిమితి లోపలే ఉంటాయి.

1908 సెప్టెంబర్ 28న మూసీ మన హైదరాబాదుని ముంచింది. నిజాం ప్రభువు ఇంజనీరు విశ్వేశ్వరయ్యని పిలిపించారు. 1920కల్లా గండిపేట, 1927కల్లా హిమాయత్‌సాగర్ కట్టేశారు. రాజరికమే నయమని నేననడం లేదు, ఆ మాటంటే మా తాత పైనుంచి చెప్పు విసురుతాడు. కానీ పందొమ్మిదేళ్ళలో రెండు చెరువులు తవ్విన ఊళ్ళో మూడువందల గజాల నాలాకి స్లాబు పడదేం?

అయినా మీరు మాకు బొత్తిగా పనికిరాలేదని అనలేను. పాపం చుట్టుకుంటుంది. ఇన్నేళ్ళూ వాన పడితే మేం మిమ్మల్ని చూసే కొలుచుకున్నాం. నీళ్ళు విశిష్ట అతిథుల దాకా వస్తే బండ్లు మెట్లెక్కించాలి. సభాధ్యక్షుల దాకా వస్తే ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టాలి. ముఖ్య అతిథి తడిస్తే పిల్లల్ని పైఅంతస్తు వాళ్ళింటికి పంపాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి కరకమలములు కూడా మునిగిపోయాయి. ఆ తర్వాత వచ్చిన నగరపాలక (జీహెచ్ఎంసీ) ఎన్నికల ముందు ఇంటికి పదివేల సాయమన్నారు, ఇంకొకరు మేమైతే పాతికవేలిస్తామన్నారు. మా నాలా సంగతి ఎవరూ ఎత్తలేదు. డిసెంబర్ 1న పోలింగు పెడితే నగరంలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. హైదరాబాదోళ్ళు సెలవిస్తే బిర్యానీ తిని పడుకుంటారని టీవీలో తిట్టారు. మా వీధిలో ఒకాయన ఇప్పటికీ అంటాడు, "ఓటేస్తే రాయి, ఎయ్యకపోతే రాయి. వానకి రెండిట్లో పడుకోవడమే నయం." ఆయన్ని మందలించాల్సిన కార్యదర్శిని నేను. మొన్నటి నుంచి నాకు నోరు రావడం లేదు.

ఒక మాట చెప్పనా? మా పక్కింటి పెద్దమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. వానొస్తే ఆటో మలుపు దాటి లోపలికి రాదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెయిన్ రోడ్డు దాకా మోస్తాం. ఎర్ర కుర్చీ, ఎడమ చెయ్యి విరిగితే తీగతో కట్టాం. మొన్న కుర్చీలు చాలకపోతే దాన్ని తెచ్చి స్టేజి మీద వేశాం. నాయకుడు అందులోనే కూర్చున్నాడు. తీగ గుచ్చుకుందని పక్కవాడి మీద చిరాకుపడ్డాడు. సిగ్గులేని మనిషి! నాలుగు నిమిషాలు తీగ గుచ్చుకుంటే అంత బాధయితే, ఎనభై దాటిన ఆవిడ వాన నీళ్ళలో... ఆయనకి దండ వేసింది నేనే. ఆ చేతులు నావే.

క్షమించండి. మీరేం చేస్తారు, రాయి.

కోపమంతా ఒక ఎత్తు, మీ కొత్త ముఖం ఒక ఎత్తు. ఇటువైపు పేర్లు ఇరవైమూడు చెక్కించారు. చోటు చాలక అక్షరాలు చిన్నవయ్యాయి, వరసలు దగ్గరపడ్డాయి. విశిష్ట అతిథులే పదకొండుమంది. నేలలోకి దిగిపోయిన ఇద్దరి పేర్లు కనబడడమే లేదు. ఇన్నేళ్ళ మా కొలత మొత్తం పోయింది.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వాన మొదలైంది. పదింటికి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఎందాక వచ్చినయిరా నీళ్ళు?"

టార్చి పట్టుకుని మీ దగ్గరికొచ్చి చూశాను. "తొమ్మిదో విశిష్ట అతిథి దాకా వచ్చాయి పెద్దమ్మా."

"గట్లంటే కుర్చీ తియ్యాల్నా?"

"ఏమో పెద్దమ్మా. ఇటువైపు లెక్క ఇంకా తెలీదు."

ఇట్లు,
తమ రెండు ముఖాలూ చూసిన
కాలనీ సంఘం కార్యదర్శి