1895లో తల్పాడే విమానం ఎగిరిందా? ఆ మెసేజ్‌కు నా జవాబు

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులోకి పోయిన వారం ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. పంపింది కింది ఫ్లోర్ బాబాయిగారు. సారాంశం ఇది: రైట్ సోదరుల కంటే 8 ఏళ్ళ ముందే, 1895లో, శివకర్ బాపూజీ తల్పాడే ముంబై చౌపాటీలో విమానం ఎగరేశాడు. భరద్వాజుడి వైమానిక శాస్త్రం చదివి పాదరసం ఇంజిన్‌తో తయారుచేశాడు. అది 1500 అడుగులు లేచింది. బరోడా మహారాజు, జస్టిస్ రానడే కళ్ళారా చూశారు, కేసరి పత్రిక రాసింది. బ్రిటిష్‌వాళ్ళు తొక్కేశారు, పేరేమో సైకిల్ షాపువాళ్ళకు పోయింది.

మా అన్నయ్య కూతురు దీన్నే స్కూల్లో స్పీచ్‌గా చెప్తానని నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటోంది. అది చూశాక ఊరుకోలేకపోయాను.

వైమానిక శాస్త్రంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది పుట్టింది మన పక్కనే. ఆ శ్లోకాలు చెప్పింది ఆనేకల్ పండితుడు సుబ్బరాయ శాస్త్రి. ఆయన చెబుతుంటే రాసుకున్నది 1918 నుంచి 1923 దాకా. విమానాల బొమ్మలు గీసింది బెంగళూరు ఇంజనీరింగ్ కాలేజీ డ్రాఫ్ట్స్‌మన్ ఎల్లప్ప. మరి 1895లో తల్పాడే ఏ పుస్తకం చూసి విమానం కట్టినట్టు?

1974లో మన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనే ముకుంద, దేశ్‌పాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు అనే ఐదుగురు దీన్ని పట్టుకుని కూర్చున్నారు. శ్లోకాల భాష చూశారు, బొమ్మలు చూశారు. అది వైదిక సంస్కృతం కాదని, రచన 1904 కంటే పాతది కాదని, శకున, సుందర, రుక్మ, త్రిపుర అనే నాలుగు విమానాల్లో ఒక్కటికీ ఎగిరే లక్షణం లేదని తేల్చారు. ఈ మాట చెప్పింది విమానాల సైన్సు తెలిసిన మనవాళ్ళే. నాకు ఆ ఒక్క అధ్యయనం చాలు.

పాదరసం లీటరు 13 కిలోలు దాటి బరువుంటుంది. ఇంజిన్ తేలికగా ఉండాలన్నదే విమానానికి మొదటి షరతు. ఆ పాదరసం దేన్ని తిప్పిందో, దేన్ని నెట్టిందో మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

కేసరి రాసిందంటారు. పేపరుకు తేదీ ఉంటుంది కదా, ఆ తేదీ ఏది? ఒక ఫార్వర్డ్‌లో విమానంలో మనిషే లేడు, ఇంకోదాంట్లో తల్పాడే స్వయంగా నడిపాడు. ఆయన నిజంగానే ఏదో ప్రయత్నం చేసి ఉండొచ్చు, చేసి ఉంటే ఆ ఆసక్తికి దండం పెడతాను. ప్రయత్నించాడంటే ఎగిరిందని కాదు.

బ్రిటిష్‌వాళ్ళు తొక్కేశారా? 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి నైనీకి ఫ్రెంచ్ పైలట్ ఆన్రీ పెకే దాదాపు 6500 ఉత్తరాలు విమానంలో మోశాడు. ప్రపంచంలో మొదటి అధికారిక ఎయిర్‌మెయిల్ అది, నడిచింది వాళ్ళ ఏలుబడిలోనే. ఎగిరే యంత్రం చేతికొస్తే వాడుకునేవాళ్ళే గానీ దాచేసేవాళ్ళు కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ‘సైకిల్ షాపువాళ్ళు’ అన్న మాట. అవును, అమెరికాలోని డేటన్‌లో రైట్ సోదరులది సైకిల్ షాపే. 1900, 1901, 1902లో మూడు గ్లైడర్లు (ఇంజిన్ లేని విమానాలు) కట్టారు. రెండోది అనుకున్నంత పైకి లేవలేదు. అప్పటిదాకా అందరూ నమ్మిన లెక్కల్లోనే తప్పుందేమోనని, ఒక పొడవాటి చెక్కపెట్టెలోకి ఫ్యాన్‌తో గాలి కొట్టి, రేకు కత్తిరించి చేసిన చిన్న చిన్న రెక్కలను దాదాపు 200 రకాలు పరీక్షించారు. ఇంజిన్ దొరక్కపోతే వాళ్ళ మెకానిక్ చార్లీ టేలర్ షాపులోనే చేశాడు. 1903 డిసెంబర్ 17న ఆర్విల్ ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. మధ్యాహ్నానికి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు. ఫోటో ఉంది, కొలతలున్నాయి, డైరీలున్నాయి. చేతులకు గ్రీజు అంటినవాళ్ళని చులకన చేసే మాట ఈ ఊళ్ళో అసలు రాకూడదు. ఇక్కడ ఎన్ని ఇళ్ళు విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ జీతంతో నిలబడ్డాయో బాబాయిగారికి నాకంటే బాగా తెలుసు.

ఆదివారం పాపను హెచ్‌ఏఎల్ మ్యూజియంకు తీసుకెళ్ళాను. మారుత్ ఫైటర్ పక్కన నిలబడి, రెక్క మీద వరసగా ఉన్న రివెట్లను వేలితో చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసింది. హెచ్‌ఏఎల్ ఇంజనీరు మన ఘాటగే బృందం డిజైన్ చేసిన హెచ్‌టీ-2 ట్రైనర్ 1951లో ఇదే ఊళ్ళో ఎగిరిందని చెప్పాను. ‘దీని గురించి ఎవరూ ఫార్వర్డ్ చేయరేంటి బాబాయ్?’ అంది. స్పీచ్‌కి ఇంకా నాలుగు రోజులుంది, మళ్ళీ మొదటినుంచి రాస్తోంది.