రోకలి నిలబడింది, ఇక పరిశోధన చాలు

తెలియని విషయాల జోలికి వెళ్లడం ఆరోగ్యానికి హానికరమని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ ప్రకటించకపోవడం విచారకరం. పైపెచ్చు శాస్త్రీయ దృక్పథాన్నీ, జిజ్ఞాసనూ పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలోనే రాసిపెట్టుకున్నాం. 51ఎ అధికరణం. అదృష్టవశాత్తు, దాన్ని పాటించనివారికి శిక్ష ఏమీ లేదు. అందుకే దేశం ప్రశాంతంగా ఉంది.

అంతమాత్రాన మనవాళ్లకు పరిశోధన చేతకాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. గ్రహణం రోజున ఏ తెలుగు వార్తా చానల్ అయినా పెట్టి చూడండి. ఒక ఇంటి వాకిట్లో ఇత్తడి పళ్లెం ఉంటుంది. అందులో పసుపు నీళ్లు, నీళ్ల మధ్య రోకలి. ఇంటి పెద్దాయన రెండు చేతులతో దాన్ని పట్టుకుని, అటు కాస్త ఇటు కాస్త సర్ది, ఊపిరి బిగబట్టి వేళ్లు ఒక్కొక్కటే తీస్తాడు. రోకలి తూలుతుంది. ఆయన మళ్లీ పట్టుకుంటాడు. చుట్టూ చేరినవాళ్లలో ఒకావిడ దండం పెట్టడానికి ఎత్తిన చేతులు దించకుండా అలాగే ఉంచుతుంది. మూడో విడతకో నాలుగో విడతకో రోకలి నిలబడుతుంది. విలేకరి మైకులో అరుస్తాడు. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి కండువా సర్దుకుంటాడు. ఇదంతా గ్రహణ ప్రభావమేనని స్టూడియోలో కూర్చున్న పండితుడు తేలుస్తాడు. రోకలికి పొన్ను, అంటే ఇనుప కట్టు ఉంటుంది, పొన్ను అడుగు చదునుగా ఉంటుంది, చదునైనది ఏ రోజైనా నిలబడుతుంది అని చెప్పడానికి ఒక హేతువాదిని కూడా పిలుస్తారు. పిలుస్తారు కానీ మాట్లాడనివ్వరు. అది సంప్రదాయం.

ఏ లోటూ లేని ప్రయోగం ఇది. పరికరం ఉంది, సాక్షులున్నారు, ఫలితం ఉంది, ప్రత్యక్ష ప్రసారం ఉంది. గ్రహణం లేని రోజున అదే రోకలిని అదే పళ్లెంలో నిలబెట్టి చూడటం ఒక్కటే లేదు. ఉండకూడదు కూడా. గ్రహణం విడవగానే రోకలిని కడిగి మూలన పెట్టాలి, తలస్నానం చేసి పొయ్యి వెలిగించాలి. మర్నాడు కూడా ఒకసారి చూద్దాం అనే పాడు బుద్ధి పుట్టిందా, ఎంత దూరం పోతుందో చెప్పలేం. ఇందుకు గుంటూరే సాక్షి.

1868 ఆగస్టు 18. వారం చూస్తే మంగళవారం. తిథి చూస్తే శ్రావణ అమావాస్య, అంటే పోలాల అమావాస్య. వేళ చూస్తే ఉదయం తొమ్మిది ప్రాంతం. మంగళవారం దుర్ముహూర్తం వచ్చేదీ ఆ చుట్టుపక్కలే. వీటన్నిటి మీద సంపూర్ణ సూర్యగ్రహణం. ఇన్ని చెడ్డ గడియలు ఒక్క పూటలో కుదరడం మాటలు కాదు. బుద్ధున్న మనిషి ఎవరైనా ఆ పూట గడప దాటుతాడా? పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి పెద్దమనిషి సరిగ్గా ఆ పూట కోసమే సముద్రాలు దాటి, మద్రాసు మీదుగా గుంటూరు చేరాడు. వయసు నలభై నాలుగేళ్లు. చిన్నప్పటి ప్రమాదం వల్ల ఒక కాలు అవిటి. అంతకు ముందే భూమి అయస్కాంత మధ్యరేఖను కొలుస్తానని పెరూ వెళ్లి జబ్బుపడి వచ్చాడు. ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా ఒక మాట చెప్పి ఉంటే ఆనాడే దారికి వచ్చేవాడు.

మచిలీపట్నమైతే సముద్రపు పొగమంచు, కొండల దగ్గరైతే మబ్బులు, రెండింటికీ మధ్యన గుంటూరు క్షేమం అని లెక్కవేసుకున్నాడట. ఊళ్లో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో పరికరాలు దించాడు. టెన్నంట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి కూడా తన బృందంతో గుంటూరులోనే మకాం పెట్టాడు. ఊరంతా తలుపులు వేసుకుని దర్భపోచలు వెతుక్కునే సమయంలో ఈ పరాయి మనుషులు ఆరుబయట దూరదర్శినులు తుడుచుకుంటూ కూర్చున్నారన్నమాట. దర్భ వేయకుండా వాళ్ల ఊరగాయలు ఏమయ్యాయో చరిత్రలో నమోదు కాలేదు.

గ్రహణం పట్టింది. సూర్యబింబం పూర్తిగా కప్పుకుపోయిన ఆ అయిదు నిమిషాల పైచిలుకులో, అంచున ఎర్రటి జ్వాలలు కనిపించాయి. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ రూఢిగా తెలియదు. జాన్సెన్ వాటి వెలుగును వర్ణపటదర్శినిలోకి పంపి విడదీశాడు. రంగులన్నీ కలిసిన పట్టీకి బదులు విడివిడిగా కొన్ని మెరిసే గీతలు వచ్చాయి. అంటే ఆ జ్వాలలు మండుతున్న వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. ఇంతటితో ఆగి ఉంటే మనకు అభ్యంతరం లేదు. గ్రహణం విడిచింది, ఫలితం వచ్చింది, స్నానం చేసి ఓడెక్కవచ్చు.

ఆగలేదు. గీతలు ఇంత ప్రకాశంగా ఉన్నాయి కదా, గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అన్నాడు. మర్నాడు పొద్దున్నే లేచి, నిండుగా వెలుగుతున్న సూర్యుడి అంచుకు తన పరికరపు సన్నని చీలికను గురిపెట్టాడు. ఎండ వర్ణపటంలో పొడుగునా పరుచుకుని పలచబడుతుంది; జ్వాల వెలుగు మాత్రం ఆ కొద్ది గీతల్లోనే కుదురుకుని ఉంటుంది కాబట్టి పలచబడదు. కిటుకు అంతే. గీతలు కనిపించాయి. ఆ మరుసటి రోజూ కనిపించాయి. రెండు వారాలకు పైగా గుంటూరులోనే ఉండి రోజూ చూశాడు. అంతవరకు ఏళ్ల తరబడి వేచి, సముద్రాలు దాటి, కొద్ది నిమిషాలు మాత్రమే చూడగలిగిన దృశ్యం ఇక ఏ ఎండపూటైనా చూడవచ్చని తేలిపోయింది. గ్రహణానికి ఉన్న ప్రత్యేకతలో ఒక ముక్కను ఒక్క మనిషి, ఒక్క మర్నాడుతో ఊడగొట్టాడు. రోకలిని మర్నాడు నిలబెట్టకూడదని నేను ఎందుకు మొత్తుకుంటున్నానో ఇప్పుడైనా అర్థమై ఉండాలి.

సాహసికుడి తెలివి ఎంతటిదో తర్వాతి సంగతి చెబుతుంది. ఇంత పెద్ద విషయం కనిపెట్టి, నెల రోజులు గడిచాక సెప్టెంబర్ 19 తేదీ వేసి కాకినాడ నుంచి పారిస్ సైన్స్ అకాడమీకి ఉత్తరం రాశాడు. ఈలోగా లండన్‌లో నార్మన్ లాకియర్ అనే యుద్ధశాఖ గుమాస్తా, గ్రహణం ముఖం చూడకుండానే, అక్టోబర్ 20న తన ఊళ్లోనే అదే పద్ధతిలో అవే గీతలు చూశాడు. రెండు కబుర్లూ ఒకే రోజు అకాడమీకి చేరాయి. ఎవరు ముందు అని కొట్టుకోవడానికి చక్కటి అవకాశం. తెలుగువాళ్లం అయితే రెండు సంఘాలు పెట్టి ఉండేవాళ్లం. ఫ్రెంచివాళ్లు మాత్రం 1872లో ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద పక్కపక్కన అచ్చువేసి ఊరుకున్నారు. ఇల్లు కదలకుండా కూడా కనిపెట్టవచ్చని నిరూపించినందుకు లాకియర్ అంటే నాకు కొంత గౌరవం. అయితే అతనూ కిటికీ తెరవక తప్పలేదు.

ఆ గీతల్లో ఒకటి పసుపు రంగుది. సోడియం గీతల పక్కనే ఉంటుంది కానీ వాటితో కలవదు: ఇది 587.6 నానోమీటర్ల దగ్గర, అవి 589 చుట్టుపక్కల. అది భూమి మీద అప్పటికి తెలియని మూలకానిదని తేల్చి, సూర్యుడి పేరిట హీలియం అని పిలిచింది లాకియర్ వర్గం. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును బయటికి తీసేదాకా చాలామంది నమ్మలేదు. ఇందులో జాన్సెన్ పాత్ర ఏమిటంటే, కొత్త మూలకం అనే మాటే అతను అనలేదు. ఆ పసుపు గీత సోడియంది కాకపోవచ్చన్న అనుమానం మచిలీపట్నంలో ఉన్న మద్రాసు వేధశాల అధికారి నార్మన్ పోగ్సన్‌కు కలిగింది; అతని నివేదికను పట్టించుకున్న నాథుడు లేడు. అయినా ఏటా ఆగస్టు 18 రాగానే "మన గుంటూరులోనే హీలియం పుట్టింది, గర్వించు తెలుగోడా" అనే సందేశం ఫోన్లలో తిరుగుతుంది. దాన్ని పంపే పెద్దలే గ్రహణం రోజున పిల్లల్ని వరండాలోకి రానివ్వరు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. గర్వించడానికి తలుపు తీయనక్కర్లేదు.

పైగా ఇప్పుడు ఆ హీలియం ఎక్కడికీ పోలేదు. గుంటూరు కొత్తపేటలో నడుము నొప్పికి ఎమ్మారై తీయించుకునేవారి వీపు కిందే ఉంది. యంత్రంలోని అయస్కాంతం పనిచేయడానికి సున్నాకు కింద 269 డిగ్రీల చల్లటి ద్రవ హీలియం కావాలి. రోగి మాత్రం లోపలికి వెళ్లే ముందు మంచి గడియ చూసుకునే వెళతాడు.

మనవాళ్లలో కూడా దారి తప్పినవాళ్లు లేకపోలేదని బాధతో చెప్పాలి. అదే 1868 గ్రహణాన్ని చూడటానికి నిజాం రాజ్యంలోని వనపర్తిలో ఒక బృందం దిగింది. దాని నాయకుడు చింతామణి రఘునాథాచారి. మద్రాసు వేధశాలలో మొదటి సహాయకుడు. పంచాంగాలు గణించే వంశంలో పుట్టి హాయిగా గ్రహణ కాలాలు చెప్పుకుంటూ బతకవలసిన మనిషి. అతను ఏం చేశాడంటే, పంచాంగం చెప్పిన చోట గ్రహం నిజంగా ఉందో లేదో ఆకాశంలోకి చూసి సరిపోల్చాలన్నాడు! దృగ్గణిత పంచాంగం వేశాడు. వెలుగు మారే ఒక కొత్త నక్షత్రాన్ని కూడా కనిపెట్టాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు ఇంకో రకం. జమీందారు అన్నాక డబ్బు పోగొట్టుకోవడానికి శాస్త్రోక్తమైన మార్గాలు ఎన్నో ఉండగా, డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టాడు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు మామగారి ఆస్తితో పాటు ఆ జబ్బునూ అందుకుని, 1874 డిసెంబర్ 9న సూర్యుడి మీదుగా శుక్రుడు నడిచి వెళ్లడం చూసి లెక్కలు రాశాడు. ఇప్పుడు డాబాగార్డెన్స్‌లో ఆకాశం కాస్త కనిపించాలంటే దుకాణాల బోర్డుల సందులోంచి మెడ ఎత్తాలి. సమాజం దానంతట అదే కోలుకుంటుంది అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

తెలియనిదాన్ని వెతుక్కుంటూ వెళితే ఏమవుతుందో ఇంకా నమ్మకం కుదరనివారికి మరికొన్ని. గుంటూరులో కనిపించిన ఆ గ్రహణాన్నే సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, రాజు మోంగ్‌కుట్ ముందుగా గణించి, పరివారంతో అడవి తీరానికి వెళ్లి చూశాడు. లెక్క సరిపోయింది. మలేరియా కూడా పట్టుకుంది. అక్టోబర్ 1న కన్నుమూశాడు. అంతకు శతాబ్దం ముందు లెజాంటీ అనే ఫ్రెంచి ఖగోళవేత్త 1761 శుక్రయానం చూడటానికి పుదుచ్చేరికి బయల్దేరాడు. తీరా దగ్గరకు వచ్చేసరికి ఊరు ఇంగ్లీషువాళ్ల పాలైంది. ముహూర్తం నాటికి నడిసముద్రంలో ఊగే ఓడ మీద ఉన్నాడు. సరే, ఎనిమిదేళ్లలో ఇంకోటి ఉంది కదా అని ఇటువైపే ఉండిపోయాడు. 1769లో పుదుచ్చేరిలో అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటే, సరిగ్గా ఆ వేళకు మబ్బు పట్టింది. పదకొండేళ్ల తర్వాత ఇంటికి చేరితే, వారసులు అతను చచ్చిపోయాడని తేల్చి ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు. బతికే ఉన్నానని కోర్టులో వాదించుకోవలసి వచ్చింది. ఇంట్లో ఉండి ఉంటే కనీసం తన వాటా తనకు దక్కేది.

జాన్సెన్‌కు గుంటూరుతోనైనా బుద్ధి వచ్చిందా అంటే, లేదు. 1870 డిసెంబర్‌లో పారిస్‌ను ప్రష్యా సైన్యం చుట్టుముట్టి ఉండగా, అల్జీరియాలో గ్రహణం చూడాలని బెలూన్ ఎక్కి శత్రువుల నెత్తి మీదుగా ఎగిరిపోయాడు. అంత చేసి ఒరాన్ చేరితే మబ్బు. కుదురుగా కూర్చోవలసింది పోయి, మరుసటి ఏడు ఇంకో గ్రహణం కోసం మళ్లీ ఇండియాకే, ఈసారి నీలగిరులకు వచ్చాడు. అరవై దాటాక, నడవలేని కాలుతో, మనుషుల చేత మోయించుకుని మోంట్ బ్లాంక్ శిఖరం ఎక్కాడు. ఆ మంచు మీదే 1893లో వేధశాల కట్టించాడు. అది మెల్లగా మంచులో కూరుకుపోయింది. పునాది ముహూర్తం ఎవరు పెట్టారో మరి.

మన సంగతికొస్తే, ఎక్కడి నుంచీ ఓడెక్కి రానక్కర్లేకుండా 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం మీదుగా మన గుమ్మంలోకే వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడ దారిలో ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు తమ పని చూసుకున్నారు. జనం కూడా తమ పని చూసుకున్నారు: పట్టపగలు వీధులు నిర్మానుష్యం, కిటికీలకు దుప్పట్లు. ఆ రోజు బయటికి పోకుండా జనాన్ని కట్టిపడేయడానికి దూరదర్శన్ సినిమా వేసింది. రక్షణ లేకుండా సూర్యుణ్ని చూస్తే కళ్లు పోతాయన్నది ముమ్మాటికీ నిజం. అందుకే ఇతర దేశాల్లో కళ్లకు జోళ్లు పెట్టుకుంటారు. మనం ఇంటికే పెట్టాం.

భారతదేశంలో రాబోయే సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న. కనిపించేది కార్గిల్ వైపు. సరిగ్గా ఉగాది ముందు రోజు. మామిడాకులు, వేపపువ్వు, కొత్త చింతపండు చూసుకోవలసిన వేళ పిల్లల్ని తీసుకుని కార్గిల్ కొండలెక్కడం సంసారులు చేసే పనేనా? మర్నాడు పంచాంగ శ్రవణంలో ఎలాగూ గ్రహణ ఫలితం చెబుతారు. మేషం నుంచి మీనం దాకా ఎవరి ముక్క వారికి విడివిడిగా అందుతుంది.

ఇక ఎప్పుడైనా ఆ నీడ మళ్లీ మన ఊళ్ల మీద పడి, ఏ దేశపు జాన్సెన్ అయినా పెట్టెలు మోసుకుని వస్తే, తెలుగువారి ఆతిథ్యానికి లోటు ఉండదని ఈ వ్యాసం ద్వారా హామీ ఇస్తున్నాను. మేడ మీద గది ఇస్తాం. పచ్చళ్లు పెడతాం, దర్భ వేసినవే. నూటయాభై ఏళ్లు నిండాక సభ కూడా చేస్తాం. సూర్యుణ్ని మాత్రం మీరే చూసుకోవాలి, శాలువా సంగతి మేం చూసుకుంటాం.