ఆ డబ్బు ఖరీదు ఎవరు కట్టారు?

"డబ్బుదేముందిలే, ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కొన్నేళ్ల క్రితం వరకూ ఆ మాట నేనూ అనేవాణ్ణి. అంటే ఎదుటివాళ్లకు ధైర్యం చెప్పినట్టు అనుకునేవాణ్ణి. మా అక్కతో అన్నాక ఏమైందో చెబుతాను.

బావ ఉద్యోగం పోయిన ఏడాది అక్క నా దగ్గరికొచ్చి చేబదులు అడిగింది. అడిగే ముందు గంటసేపు ఊళ్లో కబుర్లన్నీ చెప్పింది. ఎందుకొచ్చిందో నాకు అర్థమవుతూనే ఉంది. తనే బయటపెడుతుందిలే అని ఊరుకున్నాను. ఆ గంటసేపు తనని అలా కూర్చోబెట్టినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. చివరికి అడిగింది, నేను వెంటనే ఇచ్చేశాను. "ఎప్పటికి ఇవ్వాలిరా?" అంది. "డబ్బుదేముందక్కా, నీకు వీలైనప్పుడు ఇవ్వు. లేదంటే మానెయ్" అన్నాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

తర్వాత రెండున్నరేళ్లు అక్క మా ఇంటికి రావడం తగ్గించింది. వచ్చినా కొత్త బట్టలు కట్టుకుని వచ్చేది కాదు. పిల్లాడికి సైకిలు కొంటే, నేనేమీ అడక్కుండానే "వాళ్ల తాతయ్య కొనిచ్చాడు" అని సంజాయిషీ ఇచ్చుకుంది. ఎక్కడికైనా వెళ్లొస్తే ఆ ఫొటోలు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేది కాదు. నేను బాకీ ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు, అదే నా మంచితనం అనుకున్నాను. అక్కకి మాత్రం నేను ఎత్తని ప్రతిరోజూ ఎత్తినట్టే ఉండేదట. తేదీ ఉంటే ఆ తేదీ దాకా బాకీ ఉంటుంది, ఆ తర్వాత పోతుంది. నేను తేదీ చెప్పలేదు. అంటే ప్రతిరోజూ బాకీ రోజే.

రెండున్నరేళ్లకి అసలు తెచ్చింది. వడ్డీ కూడా లెక్కకట్టి విడిగా ఒక కవరులో పెట్టి తెచ్చింది. "తోడబుట్టినవాళ్ల దగ్గర వడ్డీ ఏంటక్కా" అంటూ ఆ కవరు తిరిగి తన సంచిలో పెట్టేశాను. కళ్లనిండా నీళ్లు తిరిగాయి తనకి. సంతోషమనుకున్నాను.

"నన్ను బాకీ తీర్చుకోనివ్వవేంట్రా?" అంది.

ఆ మాట నాకు ఎక్కడానికి చాలాకాలం పట్టింది. సాయపడింది ఒక పరిశోధన. ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో దాన్ని ప్రచురించారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పసిపిల్లల్ని చూసుకునే 10 కేంద్రాల్లో, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎంతమంది ఆలస్యంగా వస్తున్నారో లెక్కపెట్టారు. కొన్ని వారాల తర్వాత 6 కేంద్రాల్లో ఆలస్యానికి చిన్న జరిమానా పెట్టించారు. ఆలస్యాలు తగ్గలేదు, దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థితికి రాలేదు. అంతకుముందు ఆలస్యమైతే తల్లిదండ్రులకు టీచరు మొహం చూడాలంటే ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు డబ్బు కట్టేశారు, ఇబ్బంది పోయింది.

డబ్బు వస్తే బంధాలు చెడతాయని చెప్పడానికి చాలామంది ఈ ఉదాహరణ వాడతారు. నాకు ఇందులో ఇంకోటి కనబడింది. డబ్బు కట్టగానే ఆ తల్లిదండ్రుల మనసు తేలికైంది. టీచరుకి అన్యాయమే జరిగింది, కాదనను. కానీ డబ్బుకి ఆ శక్తి ఉంది: ఒక మనిషి ఇంకో మనిషి ముందు తలదించుకోవాల్సిన పనిని అది అక్కడికక్కడ ముగించగలదు. అక్క ఆ కవరులో పెట్టి తెచ్చింది అదే. వడ్డీ పుచ్చుకుని ఉంటే ఆ రోజుతో మేమిద్దరం మళ్లీ సమానమయ్యేవాళ్లం. నేను తీసుకోలేదు, నా చెయ్యి పైన, తన చెయ్యి కింద అలాగే ఉండిపోయాయి. మన భాషలో అప్పుకీ, కన్నవాళ్ల పట్ల కృతజ్ఞతకీ ఋణం అనే ఒకే మాట వాడతాం. "మీ ఋణం తీర్చుకోలేను" అని ప్రేమతో అంటాం. నిజంగా తీర్చుకోలేని ఋణం కింద బతకడం ఎలా ఉంటుందో ఆ మాట అన్నప్పుడు మనకి తోచదు.

అప్పటినుంచి ఎవరైనా డబ్బు గురించి మాట్లాడుతుంటే, వాళ్లు దేని గురించి మాట్లాడుతున్నారా అని వెతుక్కుంటున్నాను. మా ఇంట్లోనే నలుగురికీ నాలుగు అర్థాలు.

అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తన బట్టలు తీస్తుంటే చీరల అడుగున మడతపెట్టిన నోట్లు దొరికాయి. ఎన్నేళ్లుగా దాచిందో. ఇంట్లో అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. "నేనెప్పుడైనా లేదన్నానా?" అని ఒకే మాట అని బయటికి వెళ్లిపోయాడు. నిజమే, ఆయన ఎప్పుడూ లేదనలేదు. కానీ అమ్మ ప్రతిసారీ అడగాల్సి వచ్చింది. ఎందుకో చెప్పాల్సి వచ్చింది. ఆయన ఎందుకని ఎప్పుడూ అడగలేదంటాడు, తను మాత్రం ప్రతిసారీ కారణం సిద్ధం చేసుకునే వెళ్లేదట. నలభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషికి నోరు తెరవకుండా ఖర్చుపెట్టుకోగల కొద్దిపాటి డబ్బు ఎంత పెద్ద విషయమో ఆ నోట్లు చూశాక తెలిసింది. అందులోంచి తన కోసం ఏమీ కొనుక్కోలేదు. ఉండటమే దాని ఉపయోగం.

నాన్నని తప్పుపట్టేముందు ఆయన లెక్క కూడా చూడాలి. ఆయన చాలా ఏళ్లు రెండు షిఫ్టులు చేశాడు. ఆయన జీతం మాకు తెలుసు. ఆ జీతానికి ఆయన కట్టిన ఖరీదు ఎప్పుడూ లెక్కేయలేదు. ఎవరైనా వేసుకోవచ్చు, సులువే. రోజుకి 8 గంటల చొప్పున నెలకి 22 రోజులంటే 176 గంటల పని. రాకపోకలకి రోజుకి 2 గంటలు, ఉద్యోగం కోసమే తయారవడానికీ, తిరిగొచ్చాక మనిషిలా మారడానికీ ఇంకో గంట వేసుకోండి. 242 గంటలవుతాయి. జీతం మారలేదు కాబట్టి మీ గంట విలువ నాలుగో వంతు పైగా పడిపోయింది. ఏదైనా కొనేముందు దాని ధరని ఈ గంటల్లోకి మార్చి చూడండి. నేను ఆ పని మొదలుపెట్టాక కొన్ని వస్తువులు ముట్టుకోబుద్ధి కాలేదు. కొన్ని మాత్రం చవకనిపించాయి, అమ్మ దగ్గర కూర్చోవడానికి జీతం లేకుండా పెట్టుకున్న సెలవులాంటివి.

నాన్న గంటల్లో నావీ ఉన్నాయి. ఆయన షిఫ్టు నుంచి వచ్చేసరికి మేం నిద్రపోయేవాళ్లం. మా చదువుకి ఆయన డబ్బు కట్టాడు, నిజం. మేము కూడా కట్టాం, ఆయన లేని సాయంత్రాలతో. అప్పట్లో మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేవాళ్లమో కూడా నాకు తెలీదు, చదువూ కావాలి కదా. ఆయనకి ఇంకో దారి లేదని తెలుసు కాబట్టి కోపం రాదు. దారి ఉండి కూడా ఇంట్లోవాళ్ల సాయంత్రాలు ఖర్చుపెట్టేసి "అంతా మీకోసమే" అనేవాళ్లని చూస్తే మాత్రం వస్తుంది.

ఇప్పుడు నాన్న దగ్గర సరిపడా ఉంది. అయినా ఖర్చుపెట్టలేడు. ఎవరూ లేని గదిలో లైటు వెలిగితే లేచి వెళ్లి ఆర్పి వస్తాడు, మోకాళ్లు నొప్పులున్నా సరే. పిసినారితనం అనుకునేవాణ్ణి. ఉల్రికె మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ అనే పరిశోధకులు అమెరికాలో దశాబ్దాల సర్వే లెక్కలు పరిశీలించి 2011లో ఒక విషయం తేల్చారు. తమ జీవితకాలంలో షేర్ల మార్కెట్ చితికిపోవడం చూసినవాళ్లు ఆ తర్వాత షేర్ల జోలికి తక్కువ వెళ్తారు. బాండ్ల మీద, అంటే ప్రభుత్వానికో కంపెనీకో అప్పిచ్చే పత్రాల మీద, తక్కువ రాబడి చూసినవాళ్లు బాండ్ల జోలికి తక్కువ వెళ్తారు. పుస్తకంలో చదివిన నష్టం అంత ముద్ర వేయదు, అనుభవించిన నష్టం వేస్తుంది. 1923 నవంబరు నాటికి జర్మనీలో అక్కడి డబ్బు మార్కు విలువ పడిపోయి, ఒక డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులయ్యాయి. జీతం అందిన గంటలోనే ఖర్చుపెట్టేయాలని పరిగెత్తారు జనం. అప్పుడు దాచుకోవడం తెలివితక్కువ. నాన్న చిన్నప్పుడు దాచుకోకపోవడం ప్రమాదం. ఎవరి అలవాటు వాళ్ల అనుభవంలోంచి వచ్చిందే. అది తెలియకుండా మనిషికి పేరు పెట్టడం నేను మానేశాను.

ఇక నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది లేనివాళ్లకి చెప్పే సలహాలు. "ఖర్చులు తగ్గించుకుంటే చాలు", "ప్రణాళిక లేకపోవడమే పేదరికం" అని ధైర్యంగా రాసేస్తారు. 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడులో చెరకు రైతులకి పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. వాళ్లే మనుషులు, డబ్బు వచ్చాక మెరుగ్గా చేశారు. డబ్బు లేనప్పుడు బుర్రలో ఎక్కువ భాగం ఆ లేమికే ఖర్చైపోతుందని పరిశోధకుల వాదన. నెలాఖరుకి చేతిలో ఏమీ లేని రోజు ఎవరైనా గుర్తుచేసుకుంటే ఇది చెప్పక్కర్లేదు. ఏ ఫోను మోగినా గుండె జారిన రోజున ఎవరు మాత్రం ఐదేళ్ల ప్రణాళిక వేస్తారు?

పైగా లేమికి ఖరీదెక్కువ. ఉన్నవాడు ఒకేసారి ఎక్కువ కొని తక్కువ ధర కడతాడు, లేనివాడు కొద్దికొద్దిగా కొని ఎక్కువ కడతాడు. చిన్న జబ్బుని వాయిదా వేస్తాడు, అది పెద్దదవుతుంది. వడ్డీ సంగతి మరీ ఘోరం. నెలకి నూటికి మూడు వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. కట్టలేక వడ్డీ మీద వడ్డీ పడితే 24 నెలల్లో 100 కాస్తా 203 అవుతుంది. రెండేళ్లలో రెట్టింపు. అలాంటి అప్పు నెత్తిన ఉన్న మనిషికి పొదుపు గురించి చెప్పేముందు, దయచేసి ఒక్కసారి ఈ లెక్క కాగితం మీద వేసుకోండి.

డబ్బుతో సంతోషం వస్తుందా అనే ప్రశ్నకి కూడా ఒకే జవాబు లేదు. డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ 2010లో ఒక స్థాయి దాటాక ఆదాయం పెరిగినా రోజువారీ సంతోషం పెరగడం లేదన్నారు. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ పెరుగుతూనే ఉందన్నాడు. రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు కదా అని కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని లెక్కలు మళ్లీ చూశారు. 2023లో తేలిందేమంటే, ఎక్కువమందికి ఆదాయంతోపాటు సంతోషం పెరుగుతూనే ఉంది. బాగా అసంతృప్తిగా ఉన్న కొద్దిమందికి మాత్రం ఒక స్థాయి దాటాక డబ్బు పనిచేయడం ఆగిపోతోంది. అంటే వాళ్ల బాధ డబ్బు తీర్చగలిగింది కాదు. ఇది చదివినప్పుడు నాకు నాన్న గుర్తొచ్చాడు, లైటు ఆర్పడానికి లేచి వెళ్తూ.

అమ్మ కోలుకుంది. ఆ నోట్లు లెక్కపెట్టకుండా ఎక్కడివక్కడ పెట్టేశాం. నాన్న ఇప్పుడు ప్రతినెలా కొంత అమ్మ ఖాతాలో వేస్తున్నాడు. దేనికని అడగడు, తనూ చెప్పదు.

పోయిన నెల నాకే చెయ్యి బిగిసింది. నిజంగానే అవసరం పడింది. బ్యాంకు కంటే ముందు అక్కకి ఫోన్ చేశాను. కబుర్లు చెప్పకుండా ముందే విషయం చెప్పేశాను. "ఎప్పటికి ఇస్తావ్?" అంది. తేదీ చెప్పాను. వడ్డీ ఎంత వేస్తావని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక అంకె చెప్పింది, నేను సరేనన్నాను. సాయంత్రానికి డబ్బు వేసింది. ఆ ఆదివారం, చాలాకాలం తర్వాత, పిల్లల్ని తీసుకుని ఇంటికి వచ్చింది, కొత్త చీర కట్టుకుని.

నేను చెప్పిన తేదీకి ఇంకా పదకొండు రోజులుంది.