ఒక్క మొక్క పెంచినా సాగే: గంజాయి మెసేజ్‌లోని అబద్ధాలు

రెండు నెలలుగా ఒక మెసేజ్ హనుమకొండ, కాజీపేట వైపు గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లల ఫోన్లలో తిరుగుతోంది. నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. చివరిసారి పంపింది మా అన్న కొడుకు. కింద ఒక్క ముక్క రాశాడు: "బాబాయ్, ఇది నిజమేనా?"

ఆ మెసేజ్ సారాంశం ఇది. ఇంట్లో సొంతానికి ఒకటి రెండు గంజాయి మొక్కలు పెంచుకుంటే కేసు కాదు. కిలో లోపు అయితే స్మాల్ క్వాంటిటీ, ఫైన్ కట్టి బయటికి రావచ్చు. ఆకు, గింజ అసలు చట్టంలోనే లేవు. మన దేశమే ఐక్యరాజ్యసమితిలో గంజాయి వైపు ఓటు వేసింది. అట్టపెట్టెలో నాలుగు సీఎఫ్‌ఎల్ బల్బులు పెడితే చాలు, పక్క గదివాడికి కూడా తెలియదు. బయట కల్తీ సరుకు కొనేకంటే ఇదే సేఫ్.

నేను వరంగల్‌లో క్రిమినల్ కేసులు చూసే వకీలుని. మా వాడికి ఫోన్‌లో రెండు మాటల్లో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ మెసేజ్‌లో ప్రతి వాక్యం వెనకా కొంత నిజం ఉంది. చదువుకున్న పిల్లలు నమ్ముతున్నది కూడా అందుకే. అందుకని విడివిడిగా చెబుతాను.

ముందు ఆ కిలో లెక్క. మత్తు పదార్థాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. 2001 సవరణతో సరుకు బరువును బట్టి శిక్ష మారే పద్ధతి పెట్టారు. గంజాయికి కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఇంతవరకు మెసేజ్ సరిగ్గానే చెప్పింది. కానీ చిన్న పరిమాణం అంటే కేసు లేదని కాదు. ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. ఫైన్ కట్టి ఇంటికి పోవడానికి ఇది హెల్మెట్ చలాన్ కాదు.

అసలు మోసం ఇంకో చోట ఉంది. సెక్షన్ 20లో రెండు భాగాలున్నాయి. బరువు లెక్కంతా రెండో భాగంలోది. సరుకు దగ్గర పెట్టుకోవడం, కొనడం, అమ్మడం, రవాణా చేయడం అక్కడికి వస్తాయి. మొక్క పెంచడం మొదటి భాగం. అందులో కిలో లేదు, గ్రాము లేదు, ఎన్ని మొక్కలన్న లెక్కా లేదు. సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. పదేళ్లూ వేస్తారని కాదు, కనీస శిక్ష ఇంత అని చట్టం చెప్పలేదు, జడ్జి తక్కువ వేయవచ్చు. కానీ ఆ పరిధి వేరు, ఆ కేసు వేరు. సొంతానికా, అమ్మడానికా అన్న తేడా కూడా సాగు దగ్గర లేదు. జేబులో కొద్దిపాటి పొట్లంతో దొరికినవాడి కంటే గదిలో కుండీ పెట్టినవాడు పెద్ద సెక్షన్‌లో పడతాడు. మెసేజ్ రాసినవాడు సరిగ్గా దీన్నే తిరగేసి చెప్పాడు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పత్తి, కంది చేనులో సాళ్ల మధ్య గంజాయి మొక్కలు వేసి కేసుల్లో ఇరుక్కున్న రైతులున్నారు. వాళ్లకు పెట్టేదీ ఈ సెక్షనే. చేనుకైనా బకెట్‌కైనా చట్టంలో ఉన్నది అదే మాట, సాగు.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. ఊరు, పేరు అవసరం లేదు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం పిల్లవాడు, హనుమకొండలో మేడ మీద గది. నీళ్ల పైపు లీకవుతుందని ఇంటి ఓనరు ప్లంబర్‌ను తీసుకుని పైకి వెళ్లారు. బాత్రూం పక్కన అటకలో ఫ్రిజ్ అట్టపెట్టె, దాని సందుల్లోంచి తెల్లటి వెలుతురు. పంచనామా కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది: ప్లాస్టిక్ బకెట్ ఒకటి, జానెడు మొక్కలు రెండు, సీఎఫ్‌ఎల్ బల్బులు మూడు, హోల్డర్లు మూడు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి, పెట్టె లోపల అతికించిన వంటింటి ఫాయిల్. ఆ మొక్కలకు పూత కూడా రాలేదు. పిల్లవాడికి దాని మీదే ధైర్యం. "సార్, ఇంకా గంజాయే కాలేదు గదా" అన్నాడు. చట్టంలో గంజాయి అంటే పూత, కాత ఉన్న కొనలు. నిజమే. కానీ గంజాయి మొక్క అనే మాటకు విడిగా నిర్వచనం ఉంది: ఆ జాతికి చెందిన ఏ మొక్క అయినా సరే. సాగుకు అది చాలు.

వాళ్లమ్మ ములుగు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. కోర్టు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. "ఒక్క చెట్టే గద సారూ, ఎవరికన్న అమ్మిండా, కొట్టిండా?" అని అడిగింది. ఆమెకు సెక్షన్ 20లో మొదటి భాగం, రెండో భాగం అని ఎలా చెప్పను? "అమ్మా, బెయిల్ వస్తది, కేసు మాత్రం ఉంటది" అన్నాను. బెయిల్ వచ్చింది. కేసు ఉంది. అతనికి ఎంఎస్‌కు వెళ్లాలని ఉంది. క్రిమినల్ కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. సర్కారు ఉద్యోగం వస్తే అటెస్టేషన్ ఫారంలో ఈ కేసు సంగతి రాయాలి. గల్ఫ్ పనులకు పోయే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లల్లో పాస్‌పోర్టు అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆకు, గింజ సంగతి తొందరగా తేల్చేయవచ్చు. పూత కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకును, గింజను గంజాయి నిర్వచనం నుంచి చట్టం మినహాయించింది. ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాలు లైసెన్సుతో భాంగ్ (ఈ ఆకుతో చేసేది) దుకాణాలు నడపనిచ్చేది దాని ఆధారంగానే. కానీ ఆ గింజ మట్టిలో పడి మొలకెత్తిందంటే అది గింజ కాదు, మొక్క. ఆ ఆకు మీ కుండీలో కొమ్మకు ఉందంటే అది విడి ఆకు కాదు, మొక్కలో భాగం. ఇక ఈ మినహాయింపు పెంచేవాడికి ఎలా పనికొస్తుంది?

ఐక్యరాజ్యసమితి ఓటు నిజమే. 2020 డిసెంబర్‌లో వియన్నాలో మాదకద్రవ్యాల కమిషన్ సమావేశంలో 27 దేశాలు అవునన్నాయి, 25 కాదన్నాయి, మన దేశం అవునన్నవాటిలో ఉంది. ఆ ఓటు దేని మీద? 1961 ఒప్పందంలో అత్యంత ప్రమాదకరమైనవాటి కోసం ఉన్న నాలుగో షెడ్యూల్ నుంచి గంజాయిని తీసేయడం మీద. వైద్య పరిశోధనకు దారి సులువు కావాలన్నది ఉద్దేశం. అదే ఒప్పందంలో మొదటి షెడ్యూల్‌లో గంజాయి ఇప్పటికీ ఉంది, నియంత్రణ అలాగే ఉంది. మన చట్టంలో ఆ ఓటు వల్ల ఒక్క అక్షరం మారలేదు. ఉత్తరాఖండ్ ఇచ్చే లైసెన్సులు నార కోసం, గింజ కోసం పెంచే రకానికి. అందులో మత్తునిచ్చే టీహెచ్‌సీ చాలా తక్కువ. లైసెన్సు లేకుండా అక్కడ పెంచినా నేరమే. మూర్ఛ వ్యాధికి గంజాయి మందు అంటారు కదా, అది 2018లో అమెరికాలో అనుమతి పొందిన మందు సంగతి. పిల్లల్లో వచ్చే అరుదైన, మొండి మూర్ఛలకు మొక్క నుంచి మత్తులేని సీబీడీని శుద్ధిచేసి, కొలత ప్రకారం డాక్టర్లు ఇచ్చేది. అట్టపెట్టెలో మొక్కకు, దానికి పోలికే లేదు.

ఇప్పుడు బల్బుల దగ్గరికి వస్తాను. నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట ఇదే, ఎందుకంటే పిల్లలు దీన్ని సైన్స్ అనుకుంటున్నారు.

మాది పరకాల వైపు మిర్చి ఇల్లు. మా నాన్న చపాట మిర్చి వేసేవాడు. ఒక ఏడు వానలకు భయపడి నారుమడి మీద దట్టంగా తాటాకు పందిరి వేశాడు. వారం తిరిగేసరికి నారు పాలిపోయి, దారంలా సన్నగా సాగి, పట్టుకుంటే వంగిపోయింది. "ఎండ తినని నారు ఎందుకు పనికొస్తదిరా" అని మొత్తం పీకి మళ్లీ పోశాడు. మొక్కకు వెలుతురంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. ఒకచోట పడే వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. మేలో మధ్యాహ్నం మన ఆరుబయట వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. 23 వాట్ల సీఎఫ్‌ఎల్ బల్బు నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుతురు, ల్యూమెన్ల లెక్కలో, దాదాపు 1,500. అది అన్ని వైపులా చెదిరిపోతే అడుగు దూరంలో మిగిలేది పదమూడు వందల లక్స్ అటూ ఇటూ. రెండడుగులకు జరిగితే అందులో నాలుగో వంతు. డబ్బా మీద "100 వాట్లకు సమానం" అని రాస్తారు. అది పాత తీగ బల్బుతో పోల్చిన మాట, సూర్యుడితో కాదు. ఆ పిల్లవాడి పెట్టెలో దొరికిన మొక్కలు మా నాన్న పీకేసిన నారు లాగే ఉన్నాయి. వాటి కోసం అతను ఇంత టెన్షన్ నెత్తికెత్తుకున్నాడు.

వెలుతురు సంగతి అలా ఉంచితే, ఆ పెట్టే ఒక ప్రమాదం. అట్ట, ఫాయిల్, నీళ్లు, వేలాడే హోల్డర్లు, రాత్రంతా నడిచే ఎక్స్‌టెన్షన్ బోర్డు, పక్కన నిద్రపోయే ఇద్దరు పిల్లలు. సీఎఫ్‌ఎల్ గొట్టంలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఆవిరి ఉంటుంది, పగిలితే గది తలుపులు, కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లమంటారు. వీళ్లు అలాంటివి మూడు నాలుగు పెట్టి తలుపు మూసుకుని పడుకుంటున్నారు.

ఇక "ఎవరికీ తెలియదు" అన్న మాట. ఆరుబయట మొక్క దొరికిన కేసుల్లో మా లాంటి వకీళ్లకు ఒక వాదన ఉంటుంది: ఆ భూమిలోకి ఎవరైనా వస్తారు, మొక్క దానంతట అదే మొలిచి ఉండవచ్చు, ఇతనే సాగు చేశాడని రుజువు ఏది? కొన్ని కేసుల్లో ఆ వాదన నిలబడుతుంది. మూసిన గదిలో, ఫాయిల్ అతికించిన పెట్టెలో, బల్బు కింద బకెట్‌లో ఉన్న మొక్కకు ఆ వాదన ఎలా చెయ్యాలి? దాచడానికి కొన్న ప్రతి వస్తువూ పంచనామాలో ఒక వరుస అవుతుంది. ఫోన్‌లో ఈ మెసేజ్ ఉంటే అదీ ఇంకో వరుస. దీనికి తోడు సెక్షన్ 25 ఉంది. తెలిసి తన ఇంటిని ఇలాంటి పనికి వాడుకోనిచ్చినవాళ్లూ శిక్షకు అర్హులే. మా కేసులో ఇంటి ఓనరు తనకేమీ తెలియదని చెప్పుకోవడానికి పోలీస్ స్టేషన్ చుట్టూ నాలుగు సార్లు తిరిగారు. రూమ్మేట్ పరిస్థితి ఇంకా అన్యాయం. అతనికి సిగరెట్ అలవాటు కూడా లేదు.

చివరిది, సేఫ్ అన్న మాట. ఒడిశా సరిహద్దు వైపు నుంచి రైళ్లలో వచ్చే సరుకు వరంగల్, కాజీపేట స్టేషన్లలో పట్టుబడటం పేపర్లో చూస్తూనే ఉంటాం. అందులో ఏం కలుపుతారో తెలియదన్నది నిజమే. కానీ ఇంట్లో పెంచినదానిలోనూ ఉండేది అదే టీహెచ్‌సీ. పాతికేళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో గట్టిగా అలవాటైనవాళ్లలో సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు) ముప్పు పెరుగుతుందని డాక్టర్లు స్పష్టంగా చెబుతారు. అలవాటు కాదన్నదీ తప్పే. మానేస్తే నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, ప్రతిదానికీ చిరాకు. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో ఏడాదిలో గంజాయి, భాంగ్, చరస్ వంటివి ఏదో ఒకటి వాడినవాళ్లు 3 కోట్ల పైనే. అందరూ చెడ్డవాళ్లు కారు. చాలామందికి కావలసింది వైద్యం.

చట్టం కూడా వాళ్లకు ఒక తలుపు తెరిచి ఉంచింది, ఆ మెసేజ్‌లో లేనిది అదే. సెక్షన్ 64ఏ ప్రకారం మత్తుకు బానిసై, వాడినందుకో చిన్న పరిమాణం దొరికినందుకో కేసులో ఉన్న వ్యక్తి, తనంతట తానే ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ఆ కేసులో విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ తలుపు వాడినవాడి కోసం. సాగు కేసు దాని కిందికి రాదు. బయట కొనడం ఎందుకని కుండీ పెట్టుకున్నవాడు ఆ ఒక్క తలుపునూ తనే మూసుకుంటున్నాడు.

మా అన్న కొడుక్కి ఇదంతా రాసి పంపాను. కింద 14446 నంబరు పెట్టాను, అది మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం నడిపే ఉచిత హెల్ప్‌లైన్. ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ తీసుకుంటే చాలని, ఎవరైనా అడిగితే నేనే తోడు వస్తానని కూడా రాశాను. రాత్రి పదకొండింటికి జవాబు వచ్చింది. "బాబాయ్, మా ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు. రేపు పొద్దున తీసుకురానా?" తీసుకురమ్మన్నాను.