వీరుడి అలక, ఉత్తరుడి పరుగు

వీరుడంటే ఎవరన్న ప్రశ్నను మన దగ్గర పద్ధతిగా అడిగినవాడు వాల్మీకి. నారదుడు ఎదురుపడితే ఆయన కుశలప్రశ్నలతో సరిపెట్టలేదు. గుణవంతుడై ఉండాలి, పరాక్రమవంతుడై ఉండాలి, ధర్మం తెలిసినవాడై ఉండాలి, చేసిన మేలు మరవకూడదు, ఆడిన మాట తప్పకూడదు అంటూ 16 లక్షణాలు ఏకరువు పెట్టి, ఇవన్నీ ఒక్కడిలోనే ఉండాలన్నాడు. లోకాలన్నీ తిరిగే నారదుడు కూడా ఇలాంటి గుణాలు దుర్లభమని ముందు ఒప్పుకుని, ఆ తర్వాతే ఒక పేరు చెప్పాడు.

ఆ జాబితాను నేను శ్రద్ధగా పరిశీలించాను. కోపాన్ని జయించినవాడై ఉండాలని అందులో ఒక నియమం ఉంది. ఆ వెంటనే, యుద్ధంలో కోపం వస్తే దేవతలు సైతం భయపడేవాడై ఉండాలని ఇంకొకటి ఉంది. జయించేసిన కోపం మళ్ళీ ఎక్కడి నుంచి వస్తుందని నాలాంటివాడు అడిగితే పండితులు కూర్చోమంటారు. కూర్చుంటాను. కానీ ఈ రెంటిలో మొదటిది కష్టమని తేలిపోవడంతో, తక్కిన దేశాల వీరులంతా కూడబలుక్కున్నట్టు రెండోదాన్ని ఎంచుకున్నారు.

గ్రీకుల అకిలీస్‌నే చూడండి. ఆయన కథ చెప్పే హోమర్ కావ్యం ఇలియడ్, కోపం అన్న మాటతోనే మొదలవుతుంది. ట్రాయ్ యుద్ధం పదో ఏట, ఆయనకు దక్కిన బ్రిసేయిస్ అనే బందీని సేనాధిపతి అగమెమ్నాన్ లాక్కున్నాడు. (ఎవరి దగ్గర ఉంటావమ్మా అని ఆమెను అడిగినవాడు లేడు.) అప్పుడు గ్రీకు సైన్యంలోకెల్లా మేటి వీరుడు సముద్రపు ఒడ్డున విడిగా కూర్చుని ఏడ్చి, అమ్మను పిలిచాడు. అమ్మ దేవత కాబట్టి నీళ్ళలోంచి పొగమంచులా లేచి వచ్చింది. పక్కన కూర్చుని నిమిరి, ఎందుకేడుస్తున్నావు నాయనా అని అడిగింది. దేవతల రాజు జ్యూస్‌తో చెప్పి శత్రువులను గెలిపించమన్నాడు కొడుకు. మనవాళ్ళు కుప్పలుగా చస్తే గాని నా విలువ తెలిసిరాదన్నాడు.

అగమెమ్నాన్‌ను తిట్టినవాడు అకిలీస్ ఒక్కడే కాదు. ఆ వెంటనే, రెండో సర్గలో, థెర్సిటీస్ అనే గూని మనిషి లేచి దాదాపు అవే మాటలు అన్నాడు. నీ గుడారం నిండా సొమ్మే కదా, ఇంకా ఏం కావాలి, మేం ఇళ్ళకు పోతాం అన్నాడు. ఒడిస్యూస్ అనే ఇంకో గ్రీకు వీరుడు రాజదండంతో వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు. వాడు కన్నీళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. సైన్యమంతా నవ్వింది. ఏడుపు ఇద్దరికీ వచ్చింది. ఒకరి ఏడుపు వినడానికి సముద్రం లేచి వచ్చింది, రెండోవాడి ఏడుపు పది పంక్తులు కూడా నిలవలేదు. అందుచేత వీరుడు కాదలచినవాడు ముందుగా తల్లిని ఎంచుకోవడంలో జాగ్రత్తపడాలని నా అభిప్రాయం.

అలక తీర్చడానికి పెద్దలు రాయబారం కూడా వెళ్ళారు. ఏడు నగరాలు, పన్నెండు గుర్రాలు, బంగారం, గంగాళాలు, కోరుకుంటే అగమెమ్నాన్ కూతురు. అలిగినవాడికి ఇంత పలికిన సందర్భం మరొకటి నేను చదవలేదు. వాళ్ళు వెళ్ళేసరికి అకిలీస్ తంత్రీవాద్యం మీటుకుంటూ పాడుకుంటున్నాడు. పాడుతున్నది పూర్వవీరుల పరాక్రమం గురించి! శత్రువులు ఓడల దాకా తోసుకొచ్చి సాటివాళ్ళు చస్తుంటే శ్రుతి తప్పకుండా పాడగలగడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఇచ్చినవేవీ వద్దన్నాడు. ఆయన కదిలింది, ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ ఆయన కవచమే తొడుక్కుని వెళ్ళి చచ్చిపోయాకనే.

ఒడిస్యూస్‌ది ఇంకో మార్గం. ఆయన సరైన సమయంలో నిద్రపోగలడు. గాలులను మూటగట్టిన సంచి ఓడలో పెట్టుకుని, సొంత ద్వీపం కనుచూపు మేరకు వచ్చేసరికి కునుకు తీశాడు. అనుచరులు సంచి విప్పారు. ముట్టకూడని సూర్యుడి పశువులున్న ద్వీపంలోనూ అంతే. ఆయన నిద్రలేచి వచ్చేసరికి మాంసం కాలుతున్న వాసన వస్తోంది. తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఒంటికన్ను రాక్షసుడి గుహలో నా పేరు ఎవడూకాదు అని చెప్పి ఉపాయంగా తప్పించుకున్నవాడు, ఓడ ఎక్కాక ఉండబట్టలేక తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు కేకవేసి మరీ చెప్పాడు. శాపం పెట్టేవాడికి చిరునామా కావాలి కదా.

ఈ కథ చెప్పే ఒడిస్సీ కావ్యం మొదటి పది పంక్తుల్లోనే కవి తీర్పు చెప్పేశాడు. అనుచరులను కాపాడాలని నాయకుడు ఎంతో తాపత్రయపడ్డాడట, వాళ్ళే సూర్యుడి ఆవులను తిని చేజేతులా నాశనమయ్యారట. నేను కాస్త లెక్కలు చూసుకునే మనిషిని. ట్రాయ్ నుంచి బయల్దేరినవి 12 ఓడలు. సూర్యుడి ద్వీపానికి చేరింది ఒక్కటి. తక్కిన 11 ఓడలవాళ్ళూ ఆ ఆవులను కంట చూడకముందే, లైస్ట్రిగోనియన్లనే నరభక్షకుల రేవులో వాళ్ళకు ఆహారమైపోయారు. ఆ ఓడలన్నీ రేవు లోపల కట్టి ఉన్నాయి. నాయకుడు మాత్రం తన ఓడను రేవు బయట కట్టుకున్నాడు. తినబడినవాళ్ళ మీద తిన్నారన్న నేరం మోపిన తీర్పు ఇంకెక్కడైనా ఉందేమో న్యాయశాస్త్రం తెలిసినవాళ్ళు చెప్పాలి.

ప్రాచీన మెసొపొటేమియా వీరుడు గిల్గమేష్ సంగతి ఒక్క ముక్కలో తేల్చవచ్చు. మూడింట రెండు వంతులు దేవుడైన ఈ ఉరుక్ రాజు మృత్యువును జయిస్తానని లోకం అంచుదాకా వెళ్ళాడు. ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు మేలుకుని ఉండు చాలన్నారు. కూర్చున్న చోటే నిద్రపోయాడు. తట్టి లేపితే, ఇప్పుడే కదా కన్ను మూతపడింది అన్నాడు. రోజుకొకటి చొప్పున పక్కన పెట్టిన రొట్టెల్లో మొదటిది అప్పటికే ఎండి గట్టిపడింది. ఆ మాటన్నది మిగిలిన మూడో వంతు మనిషే అయి ఉంటాడు.

ఇంతకీ నా అసలు ఫిర్యాదు ఉత్తరుడి గురించి.

విరాటరాజు కొడుకు ఉత్తరుడు ఆడవాళ్ళ మధ్య కూర్చుని, మంచి సారథి ఒక్కడు దొరికితే కౌరవసేన అంతు చూస్తానన్నాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడే దొరికాడు. తీరా సేన కంటపడేసరికి, ఒళ్ళు గగుర్పొడుస్తోంది చూడు, నా వల్ల కాదు అని రథం దూకి పరుగెత్తాడు. అర్జునుడు జడ ఊగుతుండగా వెంటపడి జుట్టు పట్టుకున్నాడు. వదిలేస్తే బంగారం ఇస్తాను, వైదూర్యాలిస్తాను, ఏనుగులిస్తానని బతిమాలాడు ఉత్తరుడు. అంతే, తెలుగువాడి నోట శాశ్వతంగా పడిపోయాడు. కోతలు కోసేవాడు ఎవడు కనబడినా ఉత్తరకుమార ప్రగల్భాలు అంటున్నాం.

కొంతకాలానికి అదే అర్జునుడు కురుక్షేత్రంలో రథం మీద నిలబడ్డాడు. ఎదురుగా అదే భీష్ముడు, అదే ద్రోణుడు. ఒళ్ళు వణుకుతోంది, నోరు ఎండిపోతోంది, గాండీవం చేజారుతోంది, గగుర్పాటు కలుగుతోంది అని చెప్పి విల్లు పడేసి కూర్చున్నాడు. రెండు చోట్లా వ్యాసుడు వాడిన మాట కూడా ఒక్కటే, రోమహర్షం. ఒకరి రోమహర్షానికి 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. రెండోవాడిదానికి ఒక ఎత్తిపొడుపు. అర్జునుడిది బంధువులను చంపవలసి వచ్చిందన్న శోకమనీ, పిరికితనం కాదనీ పండితులు మళ్ళీ లేస్తారు. ఒప్పుకుంటాను. వెంట్రుకలకు మాత్రం ఆ భేదం తెలిసినట్టు లేదు. పరుగు మాటకొస్తే, ట్రాయ్ వీరుల్లో మేటి హెక్టర్ అంతటివాడు అకిలీస్‌ను చూసి ట్రాయ్ కోట చుట్టూ మూడు చుట్లు పరుగెత్తాడు. హోమర్ ఆ పరుగును పందెపు గుర్రాలతో పోల్చాడు. కాబోయే వీరులు గమనించవలసిందేమిటంటే, భయపడే రోజున పక్కనున్న సారథి మాట వినే రకమా, జుట్టు పట్టుకునే రకమా అన్నది ముందే కనుక్కోవాలి.

ఉత్తరుడి కథ ఆ పరుగుతో ఆగలేదు. జుట్టు పట్టుకున్నవాడికే ఆ రోజు రథం తోలాడు. గెలిచాక, ఈ గెలుపు నీదేనని మీ నాన్నతో చెప్పుకో అన్నాడు అర్జునుడు. ఊరంతా తోరణాలు కట్టి ఎదురుచూస్తోంది, తండ్రి ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. ఉత్తరుడు ఇంటికి వెళ్ళి, గెలిచింది నేను కాదు, ఒక దేవపుత్రుడు వచ్చి గెలిచాడన్నాడు. ఊరికే వచ్చిన కీర్తిని వద్దన్నవాడు నేను వెతికిన కావ్యాల్లో ఇంకొకడు తగల్లేదు. ప్రగల్భాలకు అతని పేరే పెట్టుకున్నాం.

యుద్ధం మొదటిరోజునే ఉత్తరుడు ఏనుగెక్కి శల్యుడి మీదకు వెళ్ళాడు. ఆ ఏనుగు శల్యుడి రథానికి కట్టిన నాలుగు గుర్రాలనూ చంపింది. శల్యుడు విసిరిన శక్తి అనే ఆయుధం తగిలి ఉత్తరుడు ఏనుగు మీది నుంచి పడి చనిపోయాడు. ఈసారి అతని జుట్టు పట్టుకోవలసిన పని ఎవరికీ పడలేదు.