ఆ కొబ్బరిబోండాల ఫోటో ఇంక నాకు పంపకండి

ఈ వారంలో ఏడుసార్లు వచ్చింది ఆ మెసేజి. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, మా వీధి గ్రూపులో మూడుసార్లు, ఒక పాత స్నేహితురాలి నుంచి ఒకసారి. నిన్న పొద్దున్నే మా పెద్ద బావ కూడా పంపాడు, కింద “నిజమే కదమ్మా?” అని రాసి. నాకు ఎడమ కాలు పోలియో. చిన్నప్పుడు వానాకాలంలో నన్ను ఎత్తుకుని బడి దగ్గర దింపింది ఆ బావే. అందుకే ఆయన్ని ఒక్క మాట అనేసి ఊరుకోలేకపోయాను. కూర్చుని రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం ఆ మెసేజిలో ఏముందో చెబుతాను. పైన ఒక ఫోటో. రోడ్డు పక్కన చంకకర్రను బండికి ఆనించి పెట్టుకుని, నలభై ఏళ్ల మనిషొకాయన కొబ్బరిబోండాం కొడుతున్నాడు. మొహం స్పష్టంగా కనిపిస్తోంది. కింద ఆరు మాటలు. వికలాంగులకు నెలకు 6,000 పింఛను ఇస్తుంటే ఎవరు పని చేస్తారు? దానికి తోడు నిరుద్యోగ భృతి, బస్సు పాసు, రైలు రాయితీ. ముసలివాళ్ల కంటే వీళ్లకు ఎక్కువ ఎందుకు? సర్టిఫికెట్లన్నీ దొంగవే. ఉద్యోగాల్లో కోటా ఉన్నా, పిలిచి ఉద్యోగమిచ్చినా చేరరు. ఆరోది: పని చేయగలిగినవాడు వికలాంగుడే కాదు, పింఛను తీసుకుంటూ పని చేసేవాళ్లు కనిపిస్తే ఫోటో తీసి సచివాలయానికి పంపండి.

చిన్నవి ముందు తేల్చేస్తాను. బస్సు పాసు చూపించి ఎవరూ కిరాణా కొట్లో బియ్యం కొనలేరు. దాని గురించి ఇంతకంటే చెప్పను. నిరుద్యోగ భృతి అంటున్నారు, ఎక్కడుందో చూపించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరులో యువనేస్తం పేరుతో వెయ్యి రూపాయలతో మొదలైంది, ఎన్నికల ముందు రెండువేలయింది, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. ఉద్యోగం పోయినవాళ్లకు ఈఎస్ఐ ఇచ్చే సాయం ఒకటుంది. జీతంలో సగం చొప్పున 90 రోజులు. అది ఉద్యోగం చేసి ఈఎస్ఐ కట్టినవాళ్లకు. అసలు ఎవరూ ఉద్యోగంలోకి తీసుకోని మనిషికి అది ఎలా వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో ముసలివాళ్లకు 4,000, వికలాంగులకు 6,000 ఎందుకంటే, చట్టం అలా చెప్పింది కాబట్టి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షను ప్రకారం, మామూలు వాళ్లకిచ్చే అలాంటి సాయం కంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. అదే బజారుకు మీరు నడిచి వెళ్తారు, నేను ఆటోలో వెళ్తాను. మీకు చెప్పుల ఖర్చు, నాకు కాలికి ఊతగా కట్టుకునే క్యాలిపర్ ఖర్చు. ఆ తేడా కోసమే ఆ డబ్బు.

ఇక ఆ 6,000 సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 దాకా అది 3,000. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016 చేశారు. కేంద్రం ఇచ్చే వాటా నెలకు 300 రూపాయలు, అదీ 80 శాతం పైన వైకల్యం ఉండి పేదరికంలో ఉన్నవాళ్లకే. ఆరువేలంటే రోజుకు రెండు వందలు. రోజుకు రెండు వందలతో హాయిగా కాలుమీద కాలేసుకుని బతికేయొచ్చని రాసినాయన, ఒక్క నెల ఆ డబ్బుతో ఇంటద్దె కట్టి, మందులు కొని, మిగిలిందేమిటో అదే గ్రూపులో పెట్టాలి.

సర్టిఫికెట్లన్నీ దొంగవన్న మాట. అన్నీ కాదు, కానీ దొంగవి ఉన్నాయి. ఇది నేను దాచను. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో నా ముందు వరుసలో, చెవులు వినపడవని వచ్చిన ఒకాయన, గేటు బయట వేపచెట్టు కింద ఫోను చెవికి ఆనించుకుని గుసగుసగా మాట్లాడటం నా కళ్లతో చూశాను. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఈ మెసేజి రాసినాయనకు వచ్చి ఉండదు. ఎందుకంటే ఆ దొంగతనం నా దగ్గర చేసినది. అలాంటివాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా వేయడానికి అదే చట్టంలో 91వ సెక్షను ఉంది. వేయండి. కానీ దొంగ దొరికిన ప్రతిసారీ శిక్ష పడుతున్నది మాకు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్లు మళ్లీ పరీక్షించి, ఆగస్టులో వేలమందికి నోటీసులిచ్చారు. తర్వాత అప్పీలు చేసుకోవచ్చన్నారు. ఆ అప్పీలు కోసం మంచంలో ఉన్న మనిషిని ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాల్సింది ఎవరు? పోలియో వచ్చిన కాలు తిరిగి పెరగదు. అయినా నా కాలికి మళ్లీ టేపు పెట్టి కొలిచారు. ముందూ 58 శాతమే, ఇప్పుడూ 58 శాతమే. అందుకు నేను పోగొట్టుకున్నవి మూడు రోజులు.

ఇప్పుడు ఆ ఫోటో దగ్గరికి వస్తాను. మిగతా అయిదు మాటలు తెలియక రాసినవి అనుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. ఇది ఒక మనిషి పొట్ట మీద కొట్టమని పదిమందికి చెప్పడం.

పని చేయగలిగినవాడు వికలాంగుడు కాదట. ఆ బోండాల ఆయనకు బాగాలేనిది కాలు. కొబ్బరిబోండాం కొట్టేది చేత్తో. ఇది చెప్పాల్సిన మాటా? సదరం డాక్టరు రాసే శాతం ఆ కాలిది, ఆ కంటిది, ఆ చెవిది. ఈ మనిషి పనికి రాడు అని ఆ కాగితంలో ఏ గడిలోనూ ఉండదు. పైగా పింఛనుకు అడిగేది ఏ 40 శాతమో, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషనుకు అడిగేదీ అదే 40 శాతం. ఒకే కాగితం. వికలాంగుడంటే పని చేయలేనివాడని చట్టం అనుకుని ఉంటే, అదే కాగితం మీద ఉద్యోగం ఎందుకిస్తుంది? రంగులు సరిగా గుర్తించలేడని ఇంటికి పంపేసిన ఒక ఆర్టీసీ డ్రైవరుకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. బస్సు నడపలేకపోవడం వేరు, పని చేయలేకపోవడం వేరు. అదే ఏడాది మార్చిలో, చూపు లేదన్న కారణంతో జడ్జి ఉద్యోగానికి ఎవరినీ దూరం పెట్టకూడదనీ చెప్పింది. చూపు లేని మనిషి తీర్పు చెప్పొచ్చు, కాలు లేని మనిషి బోండాలు కొట్టకూడదా?

ఇంకో సంగతి. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. వాటిలో చాలావరకు ఫోటోలో కనబడవు. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా ఉన్న కుర్రాడు మీ పక్కన నిలబడితే మీకు తెలుస్తుందా? సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్న అమ్మాయి ఇవాళ నవ్వుతూ పనికి వచ్చి, రేపు ఒళ్లంతా నొప్పులతో ఆసుపత్రిలో చేరుతుంది. మీ ఫోన్లో పడేది ఇవాళ్టి నవ్వు ఒక్కటే. కొంచెం చూపు ఉన్నవాళ్లున్నారు, పట్టపగలు ఒంటరిగా నడిచి వెళ్తారు, సందె వేళ గోడ పట్టుకుంటారు. నేను కూడా లెవెల్‌గా ఉన్న గచ్చు మీద పది అడుగులు ఏ చెయ్యీ ఆనించకుండా నడవగలను. ఆ పది అడుగులు వీడియో తీసి పంపితే నా పింఛను కూడా దొంగదే అయిపోతుంది.

వికలాంగుణ్ణి నలుగురి ముందు కావాలని అవమానిస్తే 92వ సెక్షను కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు ఉంది. ఈ ఫోటో దాని కిందికి వస్తుందా రాదా అన్నది కోర్టు చూసుకుంటుంది. నేను అడిగేది ఒక్కటే. ఆ బండి ఏ ఊరిదో, ఆ మనిషి పింఛను తీసుకుంటున్నాడో లేదో పంపినవాళ్లలో ఒక్కరికైనా తెలుసా? నేను ఏడుగురినీ అడిగాను. ఎవరికీ తెలియదు. ఒకాయనైతే “ఎవరైతే ఏముందిలే” అన్నాడు. ఎవరైతే ఏముందా! రేపు ఆ బండి దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ బోండాం తాగకుండా ఆయన కాలు వైపు చూస్తాడు. అడుక్కుంటే జాలిపడి రూపాయి వేస్తారు, కష్టపడితే ఫోటో తీస్తారు. ఇంతకీ ఆ మనిషి ఏం చేస్తే మీకు నచ్చుతుంది?

కోటా ఉంది కదా అన్నారు. ఆ 4 శాతం ప్రభుత్వ పోస్టుల్లోనే. అందులోనూ చూపు సమస్య ఉన్నవాళ్లకు ఒకటి, వినికిడి ఒకటి, మాలాంటివాళ్లకు ఒకటి, ఆటిజం, మానసిక సమస్యలు వగైరాలకు ఒకటి. ప్రైవేటులో 5 శాతం అన్నమాట చట్టంలో ఉంది కానీ అది ప్రోత్సాహకమే, తప్పనిసరి కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వాళ్లలో ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు నూటికి 36 మంది, ఆడవాళ్లలోనైతే 23. మిగతావాళ్లంతా బద్ధకస్తులని ఎలా అంటారు?

నాలుగేళ్ల కిందట ఒక ఆఫీసు నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కేటప్పుడు ఎడమ చేత్తో మోకాలిని నొక్కిపట్టుకుంటేనే నా కాలు నిలబడుతుంది. కుడి చెయ్యి మెట్ల పిట్టగోడ మీద ఉండాలి. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఫైలు పళ్లతో పట్టుకుని నలభై రెండు మెట్లు ఎక్కాను. పైకి చేరేసరికి అట్ట మీద పంటిగాట్లు. లోపల ఆయన కంప్యూటర్లో లెక్కలు రాసే టాలీ గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. “రోజూ ఎక్కగలవా అమ్మా?” అన్నాడు. ఎక్కగలనన్నాను. కబురు చేస్తామన్నారు. చేయలేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇక “పిలిచి ఇచ్చినా చేరరు” అన్నది. ఈ ఒక్కటీ నిజం. నేనూ చేరలేదు.

కిందటేడు మా ఊళ్లో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాసే పని వచ్చింది. నెలకు 8,000. గల్లాపెట్టె పక్కనే కుర్చీ, మెట్లు లేవు, ఓనరు కూడా మంచాయన. ఆ రాత్రి నేను, నాన్న, తమ్ముడు కాగితం పెట్టుకుని లెక్క వేశాం. పింఛను నిబంధన ప్రకారం పట్టణంలో కుటుంబం మొత్తం ఆదాయం నెలకు 12,000 లోపు ఉండాలి. పల్లెలో అయితే పదివేలు. నాది ఒక్కదానిదే కాదు, ప్రభుత్వ రికార్డుల్లో (హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు) ఒకే ఇంటి కింద ఉన్న అందరిదీ కలిపి. తమ్ముడికి సెల్‌ఫోన్ల షాపులో 8,500. నాది కలిపితే 16,500. అంటే నా 6,000 పోతుంది, నాన్న వృద్ధాప్య పింఛను 4,000 కూడా పోతుంది. ఎనిమిదివేలు తెచ్చుకోవడానికి పదివేలు వదులుకోవాలి. రానూపోనూ ఆటోకి రెండున్నరవేలు వేరే. కాగితం మీద నాన్న రెండుసార్లు కూడి, పెన్ను మూత పెట్టేశాడు.

డబ్బు లెక్క ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లం, జీతం పెరుగుతుందనుకుని. అసలు భయం వేరే. ఆరు నెలల తర్వాత ఆ షాపాయన వద్దంటే? ఉద్యోగం పోయిన రోజున పింఛను దానంతటది తిరిగి రాదు. మళ్లీ కొత్తగా అర్జీ పెట్టుకోవాలి, విచారణ జరగాలి, మంజూరు అయ్యేదాకా ఎదురుచూడాలి. అన్ని నెలలూ మేం ఏం తినాలో ఆ మెసేజిలో రాయలేదు. ఉద్యోగంలో చేరినవాళ్లకు ఒక ఏడాది పింఛను ఆపకుండా ఉంచి చూడండి. ఉద్యోగం పోతే పాత నంబరు మీదే మరుసటి నెల నుంచి ఇవ్వండి. మనిషి జీతం పెరిగేకొద్దీ పింఛను కొంచెం కొంచెంగా తగ్గించండి, గొంతు పట్టుకుని ఒక్కసారిగా ఆపకండి. నా ఆదాయంలో తమ్ముడి జీతం కలపకండి. అప్పుడు కూడా నేను పనికి రాకపోతే నా ఫోటో తీసి ఏ గ్రూపులో కావాలంటే ఆ గ్రూపులో పెట్టండి.

ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఇద్దరు షాపులవాళ్లకు లెక్కలు చూస్తున్నాను, నెలకు 3,000. తమ్ముడిది కలిపితే 11,500. గీత దాటకుండా బతుకుతున్నాం. నిన్న సాయంత్రం వీధి చివర మందుల షాపాయన వచ్చాడు. జీఎస్టీ లెక్కలు కూడా చూడమ్మా, నెలకు రెండువేలు ఇస్తాను అన్నాడు. ఆ పని నాకు వచ్చు. చెయ్యాలని ఉంది. రేపటిలోగా చెబుతానన్నాను.

బావా, నువ్వు పంపిన మూడు గ్రూపుల్లోంచీ ముందు ఆ ఫోటో తీసెయ్యి. తీసేసి నాకు ఫోన్ చెయ్యి. ఆ మందుల షాపాయనకు నేనేం చెప్పాలో నువ్వు చెబుదువుగాని.